ఎఫ్-టూ నొక్కితే ఆడపిల్ల

అది 2022, జూన్ నెల. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కాస్త అవతల, చెప్పుల దుకాణానికీ కళ్లజోళ్ల దుకాణానికీ మధ్య ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఫొటో స్టూడియోలో పని చేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే. ఫొటోలు తీసేది మా యజమాని జనార్దన్ అన్న, తీసిన మొహాలను బాగుచేసేది నేను. నా పేరు సుగుణ. పనిలో చేరిన రోజు అన్న నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు లోపల కూర్చో అమ్మా, కౌంటర్‌కు వేరే పిల్లను చూద్దాం" అన్నాడు. నేను నల్లగా, లావుగా ఉంటాను. ఆ మాటకు పెద్దగా బాధపడలేదు, లోపల గదిలో ఏసీ ఉంది. అలా ఇరవై రెండేళ్లుగా తెర ముందు కూర్చోవాల్సిన మొహాలను తెర వెనక నుంచి చూసుకుంటున్నాను.

టచప్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫొటో తీయగానే ప్రింట్ కొట్టేయం. కంప్యూటర్‌లో సవరిస్తాం. రోజుకు యాభై అరవై మొహాలు వస్తాయి, అన్నింటికీ అన్నీ చేత్తో చేస్తూ కూర్చుంటే కుదరదు. అందుకని ఒకసారి చేసిన సవరణల వరుసను రికార్డు చేసి కీబోర్డులో ఒక మీటకు తగిలించుకుంటాం. దాన్ని యాక్షన్ అంటారు. నా దగ్గర రెండు యాక్షన్లు ఉండేవి. ఎఫ్-టూ ఆడవాళ్లకు, ఎఫ్-త్రీ మగవాళ్లకు. ఎఫ్-టూ నొక్కితే చర్మం రెండు మెట్లు తెల్లబడుతుంది, దవడ సన్నబడుతుంది, కళ్లు కొంచెం పెద్దవవుతాయి, పెదవుల చివరలు పైకి లేస్తాయి. ఎఫ్-త్రీ నొక్కితే దవడ గట్టిపడుతుంది, మీసం నల్లబడుతుంది, నుదుటి మీద గీతలు మాత్రం అలాగే ఉంటాయి. గీత మగవాడి నుదుటి మీద ఉంటే అనుభవం, ఆడదాని నుదుటి మీద ఉంటే వయసు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నా వేళ్లకే తెలుసు.

ఇవి కాక హీలింగ్ బ్రష్ అని ఒకటుంది. మచ్చ మీద పెట్టి ఒక్కసారి నొక్కితే మచ్చ ఉన్న జాడ లేకుండా పోతుంది. హీలింగ్ అంటే మాన్పడం. ఎన్ని వేల పుట్టుమచ్చలు మాన్పానో లెక్కలేదు, నేను ఆ పని మానింది మాత్రం లేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మగవాళ్లను అడిగేదాన్ని, "మీసం జర ముదురు చేయనా అన్నా?" అని. ఆడవాళ్లను అడిగేదాన్ని కాదు. తెల్లగా వస్తానంటే ఎవరు కాదంటారు? సవరించాక అసలు ఫొటో మీదే సేవ్ కొట్టేసేదాన్ని. కంప్యూటర్‌లో చోటు మిగలాలని అన్న పెట్టిన పద్ధతి అది. కెమెరాలోని కార్డు ఏ రోజుకారోజు ఖాళీ. అంటే మా దగ్గర చక్కబడ్డ మొహమే ఉంటుంది, అసలు మొహం మనిషి వెంట మెట్లు దిగి వెళ్లిపోతుంది.

ఆ జూన్‌లో ఒక అసలు మొహం మళ్లీ మెట్లెక్కి వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. జనార్దన్ అన్న భోజనానికి హిమాయత్‌నగర్‌లోని ఇంటికి వెళ్లాడు. నేను డబ్బా మూత తీశానో లేదో, ఒక అమ్మాయి రొప్పుతూ లోపలికి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. పొడుగ్గా, ఎండిన చువ్వలా ఉంది. బిగించి అల్లిన జడ, చంకలో ఫైలు, ఎడమ చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ. ఫైల్లోంచి ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"గీ ఫొటో మీ దగ్గర్నే తీసిన్రు కదా?"

వెనక్కి తిప్పి చూశాను. మా స్టాంపే. ముందుకు తిప్పితే చామనఛాయ కన్నా తెల్లటి రంగు, కోమలమైన దవడ, చిన్న నవ్వు. మంచి కుటుంబం నుంచి వచ్చిన, నెమ్మదైన పిల్ల అనిపించింది.

"మాదే. ఈ అమ్మాయి ఎవరు, మీ చెల్లెలా?"

ఆమె నావైపు అలాగే చూసింది. కోపం కూడా కాదు. ఏడవాలో తిట్టాలో తేల్చుకోలేని చూపు.

"నేనే, అక్కా."

ఆ క్షణంలో నాకు తోచింది రాయడానికి సిగ్గుగా ఉంది. ఈ పిల్ల అబద్ధం చెబుతోంది అనుకున్నాను. ఫొటోలోని పిల్ల ఒక్క మాట మాట్లాడకుండానే నా నమ్మకం సంపాదించుకుంది. ఎదురుగా నిలబడి నిజం చెబుతున్న పిల్లకు అది దొరకలేదు. ఆ ఫొటోను చేసింది నేనే.

ఆమె పేరు లావణ్య. (దేవుడు నాకు లావు ఇచ్చి మిగతాది ఆ అమ్మాయి పేరులో పెట్టాడని తరవాత చాలాసార్లు నవ్వుకున్నాను. ఆ పూట నవ్వు రాలేదు.) సొంతూరు నారాయణపేట దగ్గర. తల్లి కూలికి పోతుంది. తను చాదర్‌ఘాట్‌లో గది కిరాయికి తీసుకుని, ఇద్దరు స్నేహితురాళ్లతో ఉంటూ రెండేళ్లు చదివింది. ఒక ప్రభుత్వ శాఖలో ఫీల్డు ఉద్యోగానికి రాత పరీక్ష రాసి పాసయింది. అవి మాస్కుల రోజులు, హాల్లో మొహం ఎవరూ సరిగా చూడలేదు. పరుగులోనూ నెగ్గింది. చివరి మెట్టు నాంపల్లిలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. అక్కడ ఆఫీసరు అప్లికేషన్ చూశాడు. గుర్తింపు చిహ్నాల దగ్గర 'ఎడమ చెంప మీద పుట్టుమచ్చ' అని ఉంది. మచ్చ ఆమె చెంప మీద ఉంది, అప్లికేషన్ మీది ఫొటోలో లేదు.

"నా బదులు ఇంకొకరు పరీక్ష రాసిన్రంటున్నరు. వేలిముద్రలు తెప్పించి చూడాల్నంటే నెల పడతదంట. ఇయ్యాల్నే ఆఖరి రోజు. నాలుగు లోపట రుజువు తెస్తే సరి, లేకుంటే పేరు పక్కకు పెడ్తరంట. కేసు గూడ పెడ్తరంట. మచ్చ లేని ఫొటో కాదు, అసలుది ఇయ్యి అక్కా."

అసలుది ఉంటే కదా. అయినా వెతికాను. కంప్యూటర్‌లో ఒకటే ఉంది, చక్కబడ్డదే. డబ్బా మూత పెట్టేసి అన్నకు ఫోన్ చేశాను.

"ఏం ఫికర్ లేదు," అన్నాడు అన్న, నోట్లో ముద్దతోనే. "ఫొటో మా స్టూడియోలోనే తీశామని లెటర్‌హెడ్ మీద రాసిచ్చి పంపు. టచప్ ముచ్చట మాత్రం రాయకు."

లావణ్య తల అడ్డంగా ఊపింది. "కాయిదం ఎవలైనా రాస్తరంటరు. మనిషి కావాలె. మీరే రావాలె."

కెమెరా, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, కంప్యూటర్‌లోని ఆ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని షట్టర్ సగం దించాను. రెండు పది. ఆటో ఎక్కాం. వంద గజాలు కదిలి ఆగిపోయింది. నేను వాచీ చూడటం, లావణ్య నా వాచీ చూడటం. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు, ముందున్న బస్సు కదల్లేదు. చివరికి దిగి నడిచాం. ఆమె నడక నాకు పరుగు. నాలుగు అడుగులు ముందుకు వెళ్లి ఆగి వెనక్కి చూసేది, నేను అందుకోగానే మళ్లీ వెళ్లిపోయేది. స్టేషన్ దారిలో మెట్రో పిల్లర్ నీడన ఒక్క నిమిషం ఊపిరి తీసుకుంటుంటే తనే అంది:

"ఆ ఫొటో నాక్కూడా నచ్చింది అక్కా. అబద్ధమెందుకు? ఏడాది సంది డీపీ గదే. మంచిగున్నవ్, మంచిగున్నవ్ అని అందరు పెట్టిన్రు. గా మాట ఎవరికన్నరో ఇయ్యాల ఎర్కయింది."

సంచి మళ్లీ భుజానికి ఎత్తుకున్నాను. "పద, టైమవుతోంది" అన్నాను.

ఆఫీసు రెండో అంతస్తులో పెద్ద హాలు. బెంచీల మీద ఇంకా ముప్ఫైమంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లో ఫైళ్లు, అందరి కాళ్లూ ఆడుతూనే ఉన్నాయి. వెరిఫికేషన్ ఆఫీసరు యాభై దాటిన మనిషి. చెడ్డవాడిలా లేడు, అలసిపోయినట్టున్నాడు. పక్క టేబుల్ దగ్గర ఒక క్లర్కమ్మ. అభ్యర్థుల కాగితాలకు ట్యాగులు కడుతోంది.

అప్లికేషన్ తిప్పి నాకు చూపించాడు. "ఈవిడ ఎవరో చెప్పండి మేడం." వెంటనే లావణ్య వైపు తిరిగి, "నువ్వు అవతల నిలబడు" అన్నాడు. ఫొటోకు 'ఈవిడ', మనిషికి 'నువ్వు'. ఆయన గమనించలేదు. గంట కిందట నేనూ గమనించేదాన్ని కాదు.

జరిగింది చెప్పాను. క్లర్కమ్మ ట్యాగు కట్టడం ఆపి లావణ్యను చూసింది. "ఉద్యోగానికి పెట్టే ఫొటోకు గింత షోకెందుకమ్మా?"

"షోకు నాది కాదు మేడం," అంది లావణ్య. వేలు నావైపు చూపించింది. "గీమెది."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

"చేసి చూపిస్తాను సార్" అన్నాను. లావణ్యను గోడకు ఆనించి ఫొటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఎఫ్-టూ నొక్కాను. హీలింగ్ బ్రష్‌తో చెంప మీద ఒక్క నొక్కు. నాలుగైదు సెకన్లలో తెర మీద ఒక తెల్లటి, కోమలమైన పిల్ల వచ్చి కూర్చుంది. అప్లికేషన్ పక్కన పెట్టాను. ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా ఉన్నారు. గెలిచాననుకున్నాను.

ఆఫీసరు కళ్లజోడు పైకి జరిపి రెండింటినీ చూశాడు. "మీ మీట ఎవరి మీద నొక్కినా ఇలాగే వస్తుందా మేడం?"

గర్వంగా "వస్తుంది సార్" అన్నాను. బుద్ధి ఉన్నవాళ్లెవరూ అలా అనరు.

"శాంతమ్మా, ఇలా వచ్చి నిలబడండి" అన్నాడాయన.

క్లర్కమ్మ వద్దు వద్దంటూనే కొంగు సర్దుకుని నిలబడింది. తీశాను, ఎఫ్-టూ నొక్కాను. యాభై ఏళ్ల శాంతమ్మ గారు కరిగిపోయి అదే రంగు, అదే దవడ, అదే చిన్న నవ్వు మిగిలాయి. ఇప్పుడు కాగితం మీద ఒకరు, తెర మీద ఇద్దరు, ముగ్గురూ అక్కాచెల్లెళ్లు. హాలంతా నవ్వింది. శాంతమ్మ గారు ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి చూసుకుని, "నాకొక కాపీ ఇయ్యమ్మా" అంది మెల్లగా.

ఆఫీసరు నవ్వలేదు. "అందరూ ఒకేలా వస్తున్నప్పుడు ఇది ఎవరి ఫొటో అని ఎలా చెప్పను? మీరు చూపించింది మీ మీట పనితనం. ఈ పిల్లే ఆ పిల్ల అనడానికి ఇందులో రుజువేదీ?"

ఆయన మాటలో తప్పు లేదు. మూడూ ఇరవై అయింది. లావణ్య చేతిలో ఫైలు అంచు నలిపేస్తోంది. నేను చేసిన పనినంతా వెనక్కి నడిచాను. చర్మం ముట్టాను, దవడ ముట్టాను, కళ్లు, పెదవులు, మచ్చ... ముట్టనిది ఏమైనా మిగిలిందా?

చెవి.

టచప్ చేసే ఎవరినైనా అడగండి, చెవి జోలికి పోరు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా చెవిని ఇంకొంచెం అందంగా చేయమని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఎఫ్-టూకు దవడ తెలుసు, చెవి తెలియదు. పాస్‌పోర్టు ఫొటోలో రెండు చెవులూ కనబడాలని నియమం కూడా. లావణ్య జడ బిగించి అల్లుకుంటుంది కాబట్టి పోయిన ఏడూ కనబడ్డాయి, ఇప్పుడూ కనబడుతున్నాయి.

"సార్, ఒక్క ఐదు నిమిషాలు." స్టూడియో నుంచి తెచ్చిన పాత ఫైలు తెరిచి ఎడమ చెవి పెద్దది చేశాను. పక్కనే ఇప్పుడు తీసినది. చెవి తమ్మె చెంపకు అతుక్కుని ఉంది, వేలాడదు. పై అంచులో చిన్న నొక్కు. దిద్దు కుట్టిన చోటు నడిమికి కాక పక్కకు జరిగి ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి పైదాన్ని సగం పల్చన చేశాను. గీత గీతకు సరిపోయింది. కుడి చెవి కూడా అంతే. తరవాత శాంతమ్మ గారి చెవి పెట్టి చూపించాను. ఎక్కడా అతకలేదు.

ఆఫీసరు లేచి టేబుల్ చుట్టూ తిరిగి వచ్చాడు. "ఏదమ్మా, కొంచెం పక్కకు తిరగండి" అన్నాడు లావణ్యతో. 'తిరగండి' అన్నాడు. మూడు అంగుళాల దూరం నుంచి ఆమె చెవినీ, తెర మీది చెవినీ మార్చి మార్చి చూశాడు. ఆ రెండు నిమిషాలు ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"సరే," అన్నాడు చివరికి. "కానీ నాకు రాతలో కావాలి. అభ్యర్థిని అడగకుండా, ఆమెకు చెప్పకుండా ఫొటోలో మొహం మార్చాను, గుర్తింపు మచ్చ తీసేశాను అని. మీ పేరు, స్టూడియో పేరు, సంతకం. ఫైల్లో పెట్టి పైకి పంపుతాను. తేల్చేది కమిటీ."

పెన్ను తీసుకున్నాను. సంచిలో ఫోన్ మోగింది. అన్న.

సంతకం అడుగుతున్నారని చెప్పాను. "ఏం సంతకం పెట్టకు సుగుణా. రేపు ఎవడైనా ఆ కాగితం పట్టుకుని కోర్టుకు పోతే? కోర్టు గూడ నాంపల్లిలనే ఉంది, దూరం గూడ కాదు. ముప్ఫై ఏళ్లల్ల అందంగొచ్చిందని ఒక్క ఆడామె కంప్లైంట్ చేసిందా?"

"చేయలేదన్నా."

"మరి?"

"ఛార్జింగ్ అయిపోతోందన్నా" అని పెట్టేశాను. ధైర్యవంతుల జాబితాలో నా పేరు ఎక్కదని అందుకే అంటాను. కానీ సంతకం పెట్టాను. 'అడగకుండా' అనే మాట రాస్తున్నప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది. ఆ మాట ఒక్క లావణ్యకే కాదు, ఇరవై రెండేళ్లలో నా ముందు కూర్చున్న ప్రతి ఆడమనిషికీ వర్తిస్తుంది.

బయటికి వచ్చాక లావణ్య మెట్ల మీద కూలబడి సీసా నీళ్లన్నీ తాగేసింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. "రన్నింగ్‌ల గూడ గింత దమ్ము రాలే అక్కా" అని మాత్రం అంది.

ఆ తరవాత నెల రోజులు నాకు కుదురు లేదు. అన్న నాతో పని మాటలే మాట్లాడాడు, అవీ ముక్తసరిగా. ఎఫ్-టూ మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసి, మళ్లీ పెట్టేదాన్ని. పాత ఫైళ్లు తిరగేసేదాన్ని. అన్నీ ఒకే నవ్వు నవ్వుతున్నాయి. వీళ్లలో ఎంతమంది ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని, ఫొటోలో ఉన్నదాని కంటే తక్కువగా ఉన్నామనుకున్నారో! మగవాళ్లలో ఎంతమంది ఆ నల్లటి మీసానికి తగ్గట్టు ఉండలేక అవస్థ పడ్డారో! రోజుకు పదిసార్లు సెలక్షన్ లిస్టు వచ్చిందా అని ఫోన్‌లో చూసేదాన్ని. వచ్చిన రోజు ఆమె నంబరు వెతకడానికి నాకు ధైర్యం చాల్లేదు. అన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా దించుకుంటూ పోయాడు.

"ఉంది," అన్నాడు. ఫోన్ తిరిగిచ్చి, "చాయ్ చెప్పు" అన్నాడు.

ఎఫ్-టూ తీసేశానని రాస్తే ఈ వ్యాసం బాగుంటుంది గానీ అది నిజం కాదు. అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అడిగితే నొక్కుతున్నాను. అసలు ఫొటో మాత్రం ఇప్పుడు వేరే ఫోల్డర్‌లో దాస్తున్నాను. ఆడ, మగ తేడా లేకుండా అందరినీ అడుగుతున్నాను. ఆడవాళ్లు చాలామంది "జర తెల్లగ" అంటారు. మగవాళ్లు ముందు "ఏం వద్దు" అంటారు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, "ఇక్కడ నెత్తి మీద కొంచెం..." అని గొంతు తగ్గిస్తారు. పాపం వాళ్లను కూడా ఇన్నేళ్లూ మీసంతోనే సరిపెట్టాను.

ఆ గొడవంతా సద్దుమణిగాక, డిసెంబరులో లావణ్య వచ్చింది. ఖాకీ యూనిఫాం, భుజాల మీద కొత్త గుడ్డ ఇంకా బిరుసుగా ఉంది. గుర్తింపు కార్డు ఫొటో కావాలంది. అన్న తీశాడు. నేను తెర మీదికి తెచ్చి, కీబోర్డు మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆమె వంగి చూసింది. ఎంతసేపో చూసింది. ఆ మొహం మీద ఏవేవో వచ్చి పోయాయి.

"జర నల్లగొచ్చిన కదా అక్కా?"

నా వేలు తనంతట తనే కదలబోయింది. పట్టుకున్నాను. అవును అనలేదు, కాదు అనలేదు, 'ఎంత బాగున్నావో' అని కూడా అనలేదు. ఆ మాట చెప్పి ఆమెను తొందరపెట్టే హక్కు నాకు లేదనిపించింది. కింద రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. కౌంటర్ దగ్గర ఎవరో అన్నను పిలుస్తున్నారు. నేను కూర్చునే ఉన్నాను. ఈ పనిలో ఇరవై రెండేళ్ల తరవాత నేను కొత్తగా నేర్చుకున్నది ఏమన్నా ఉంటే అది ఇదే. ఒక మనిషి తన మొహాన్ని తను చూసుకుంటున్నంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగడం. చెప్పినంత తేలిక కాదు, ఇప్పటికీ రోజుకోసారైనా తప్పుతాను.

"ఉండనీ," అంది లావణ్య. "గట్లనే కొట్టు."

కొట్టాను.